ముందు చేపల బుట్ట, వెనక దేవుడు

మొదటి రోజు, శనివారం: ఆంట్‌వెర్ప్

బ్యాగులో బట్టలకన్నా ముందు సర్దుకున్నది ఒక కాగితం. పెద్ద సైజు కలర్ ప్రింటు. మడత పడకుండా అట్టగొట్టంలో చుట్టి పెట్టుకున్నాను. పీటర్ ఆర్ట్‌సెన్ అనే చిత్రకారుడు 1551లో వేసిన మాంసం కొట్టు బొమ్మ అది. అసలుది స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీ దగ్గర ఉంది. దాని ఇంకో ప్రతి అమెరికాలో, రాలీలోని నార్త్ కరోలినా ఆర్ట్ మ్యూజియంలో ఉంది. రాలీ, కేరీ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వీలుచేసుకుని ఒకసారి వెళ్లి చూడండి. నాకు ఈ ప్రయాణంలో ఆ రెండు ఊళ్లూ దారిలో లేవు. కానీ ఆ బొమ్మ పుట్టింది ఆంట్‌వెర్ప్‌లో. ఆ ఊరికే దాన్ని తీసుకెళ్లి, అక్కడి వీధిలో విప్పి చూడాలని చాలా ఏళ్ల కోరిక.

మా అక్కావాళ్లు నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉంటారు. "కూరగాయల బొమ్మలు చూడ్డానికి ఐదు రోజులా!" అని ఫోన్లో ఆశ్చర్యపోయింది గానీ, పిల్లల్ని బావకి అప్పజెప్పి, మొదటి మూడు రోజులు నాతో తిరగడానికి తనే టికెట్లు తీసింది.

ఆంట్‌వెర్ప్ స్టేషన్ బయట అడుగుపెడితే వరసగా వజ్రాల షాపులు. ఈ ఊళ్లో వజ్రాలు సానపట్టడం వందల ఏళ్ల నాటి విద్య. 1720ల్లో బ్రెజిల్ గనులు బయటపడే దాకా ఐరోపాకి చేరిన వజ్రాలు దాదాపు అన్నీ మన దేశం రాళ్లే. వాటిలో మన కృష్ణ ఒడ్డున దొరికే గోల్కొండ రాళ్లకి ఉన్న పేరు వేరు. మిరియాల సంగతీ అంతే. 1501లో పోర్చుగీసువాళ్లు తెచ్చిన మిరియాలు మొదటిసారి ఇక్కడి రేవులో దిగాయి. ఆ తర్వాత యాభై అరవై ఏళ్లు ఉత్తర ఐరోపా వ్యాపారానికి ఈ ఊరే గుండెకాయ. నేను చూడ్డానికి వచ్చిన బొమ్మలు ఆ డబ్బులోంచి పుట్టినవే. తినడానికి అన్ని రకాలు దొరికి, కొనడానికి అంతమంది ఉన్న ఊళ్లో తప్ప ఇలాంటి బొమ్మలు పుట్టవు.

నది దగ్గర్లో కసాయివాళ్ల సంఘం కట్టించుకున్న పాత భవనం ఉంది. పేరు ఫ్లేస్‌హౌస్, అంటే మాంసం ఇల్లు. 1501లో మొదలుపెట్టి 1504కి పూర్తిచేశారు. ఎర్ర ఇటుకల వరస, దాని మీద తెల్లరాయి వరస, మళ్లీ ఎర్ర ఇటుక. దూరం నుంచి చూస్తే కొవ్వు చారలున్న మాంసం ముక్క నిలబెట్టినట్టే ఉంటుంది. ఇలా కట్టే పద్ధతికి డచ్ భాషలో ఉన్న పేరుకి అర్థం కూడా అదే, కొవ్వు పొరలు అని. ఆ గోడ వారగా నిలబడి ప్రింటు విప్పాం. గాలి విసురుగా ఉంది. రెండు మూలలు అక్క పట్టుకుంది, రెండు నేను.

బొమ్మ ముందు భాగమంతా మాంసం. తోలు ఒలిచిన ఎద్దు తల, దాని కన్ను సూటిగా మనవైపే చూస్తుంటుంది. పక్కన పంది తల, కాళ్లు, దండల్లా వేలాడే సాసేజ్‌లు, కోళ్లు, కొవ్వు, ప్రెట్జెల్ అనే మెలితిప్పిన రొట్టెలు. ఒక తగరపు పళ్లెంలో రెండు చేపలు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి ఉంటాయి.

"ఏదే, మరియమ్మ ఉందన్నావు?" అంది అక్క.

నేను చెప్పలేదు, వెతకమన్నాను. తన చూపు ఎటు పోయినా మళ్లీ ఎద్దు కన్ను దగ్గరికే వస్తోంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. "అదిగో, గాడిద!" అంది ఉన్నట్టుండి. కొట్టు వెనక సందులోంచి దూరంగా ఒక దారి. ఆ దారిన, బొటనవేలంత మనుషులు. బిడ్డని చంపేస్తారన్న భయంతో ఐగుప్తుకి పారిపోతున్న మరియ, యోసేపు. అంత కష్టంలో ఉండి కూడా ఆ తల్లి ఆగి, చెయ్యి చాపిన పిల్లవాడికి రొట్టె ఇస్తోంది.

అంతకుముందు ఐరోపా బొమ్మల్లో దేవుడు ముందు, పెద్దగా ఉండేవాడు. పళ్లూ కూరగాయలూ ఉంటే ఒక మూల ఉండేవి. ఆర్ట్‌సెన్ ఆ వరసని తిరగేశాడు. మాంసాన్ని నిలువెత్తున మన ముక్కు ముందు పెట్టి, కథని వెనక్కి నెట్టాడు. బొమ్మ ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ అక్కకి జరిగిందే జరుగుతుంది. కన్ను మాంసం దగ్గర ఆగిపోతుంది. దాన్ని దాటి వెళ్లాలంటే ప్రయత్నం చెయ్యాలి. ఎన్ని సింబల్స్ పట్టికలు చదివినా, ఈ బొమ్మల్లో అన్నిటికన్నా గట్టి అర్థం ఈ అమరికలోనే ఉందని నా నమ్మకం.

కుడివైపు వెనకాల ఇంకో చిన్న దృశ్యం ఉంది. తింటూ తాగుతూ కూర్చున్న జనం, నేల మీద తిని పారేసిన చిప్పలు. దానికి పైన ఒక పలక మీద రాత: ఈ వెనక 154 రాడ్ల భూమి అమ్మకానికి ఉంది, కావాలంటే ముక్కలుగా, లేదంటే మొత్తంగా. రాడ్ అంటే అప్పటి భూమి కొలత. మన ఊళ్ల శివార్లలో కనిపించే 'ప్లాట్లు అమ్మబడును' బోర్డు అన్నమాట. ఆ ఏళ్లలో ఆంట్‌వెర్ప్‌లో ఇదే పెద్ద వ్యాపారం. ఖిల్బర్ట్ వాన్ స్కోన్‌బేకె అనే ఆయన పాత స్థలాలు కొని, వీధులు గీసి, ముక్కలు చేసి అమ్మేవాడు. చరిత్రకారులు ఆ పలకని ఆనాటి భూముల అమ్మకాలతో ముడిపెట్టి చదువుతారు. దారిలో ఉండి కూడా రొట్టె విరిచి ఇచ్చే తల్లి ఒకవైపు, భూమిని ముక్కలు చేసి అమ్మే పలక ఒకవైపు. ఊళ్లో అందరికీ తెలిసిన విషయాన్ని, మాంసం దుకాణం వెనక ఇంత చిన్న అక్షరాల్లో పెట్టాడు ఆయన.

ప్రింటు చుడుతుంటే గాలికి ఒక మూల చిరిగింది. అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టేపు తీసి అక్కడే అతికించింది.

రెండో రోజు, ఆదివారం: ఆంట్‌వెర్ప్

ఆదివారం పొద్దున్న థియేటర్ దగ్గరి మైదానంలో సంత జరుగుతుంది. దాని పేరు పక్షుల సంత. ఇప్పుడు అక్కడ ఎక్కువగా కనిపించేవి కూరగాయలు, చీజ్, పూలు, బట్టలు. లీక్ అనే పొడుగు ఉల్లికాడలు కట్టలుగా, క్యాబేజీలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఒకావిడ చేతులు మోచేతుల దాకా మడిచి తూకం వేస్తోంది. నాకు అచ్చం యోఆకిమ్ బుకెలార్ బొమ్మలోంచి లేచి వచ్చినట్టు కనిపించింది. బుకెలార్ ఆర్ట్‌సెన్‌కి భార్య తరఫు మేనల్లుడు, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. సంత బొమ్మని ఒక ప్రత్యేకమైన రకంగా నిలబెట్టింది ఇతనే.

సంత పేరు గురించి ఒక మాట చెప్పాలి. డచ్‌లో పక్షి అనే మాటని క్రియగా వాడితే అర్థం పడకగదిలోకి వెళ్తుంది. అందుకే ఆ కాలపు బొమ్మల్లో ఒక మగవాడు కోడినో పిట్టనో పట్టుకుని ఆడమనిషికి అందిస్తుంటే, చూసినవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు. మన జాజర పాటల్లో మాటకి రెండో అర్థం ఎలా పలుకుతుందో ఇక్కడ బొమ్మకి అలా పలుకుతుంది. గుడ్లు, ఆల్చిప్పలు, క్యారట్లు, విచ్చుకున్న పళ్లు, వీటన్నిటికీ అలాంటి రెండో అర్థాలున్నాయి. అదే బొమ్మలో వెనకాల యేసు కూడా ఉంటాడు. మొదట్లో నాకు ఇది మింగుడుపడలేదు. ఈ సంతలో ఒక గంట నిలబడ్డాక అర్థమైంది. సంతలో అన్నీ ఒకేచోట ఉంటాయి. బేరం, ఆకలి, సరసం, పక్క వీధిలో చర్చి గంట. బొమ్మలోనూ అంతే ఉంది.

అక్కడి నుంచి నడుచుకుంటూ కైజర్‌స్ట్రాట్ అనే వీధికి వెళ్లాం. పక్కపక్కనే రెండు పాత ఇళ్లు. ఒకటి ఊరి మేయర్‌గా చేసిన నికోలాస్ రోకోక్స్‌ది, ఇంకొకటి చిత్రకారుడు ఫ్రాన్స్ స్నైడర్స్‌ది. రెండూ కలిపి ఇప్పుడు ఒకే మ్యూజియం. స్నైడర్స్ (1579–1657) జంతువుల్నీ పళ్లనీ ఎంత బాగా వేసేవాడంటే, ఆ ఊరి మహా చిత్రకారుడు రూబెన్స్ అంతటివాడు తన బొమ్మలో గద్ద కావాల్సి వస్తే ఇతన్నే పిలిచి వేయించుకున్నాడు. ఆర్ట్‌సెన్ కాలానికీ స్నైడర్స్ కాలానికీ చాలా మారింది. వెనకాల బైబిల్ కథ పోయింది. గోడంత కాన్వాసు మీద హంస, జింక, ఎండ్రకాయలు, ద్రాక్షగుత్తులు మాత్రమే మిగిలాయి. వేటాడే హక్కు పెద్ద కుటుంబాలకే ఉన్న రోజుల్లో జింకని గోడకి తగిలించుకోవడం అంటే ఏం చెప్పుకోవడమో ఊహించుకోవచ్చు. చెయ్యి తిరిగిన పనితనం, సందేహం లేదు. కానీ నాకు ఆ బొమ్మలు కడుపు నిండినవాళ్ల బొమ్మలుగానే అనిపించాయి. చూస్తూ నిలబడాలనిపించింది, వెతకాలనిపించలేదు.

నన్ను అక్కడ నిలబెట్టేసింది ఇంకో బొమ్మ. పెద్ద బ్రూగెల్ అనే చిత్రకారుడు 1559లో సామెతలన్నిటినీ ఒకే ఊళ్లో జరుగుతున్నట్టు వేశాడు. అసలుది బెర్లిన్‌లో ఉంది. ఆయన కొడుకు చిన్న బ్రూగెల్ వేసిన ప్రతి ఇక్కడుంది. నేనూ అక్కా పోటీ పడి వెతికాం. దూడ మునిగి చచ్చాక గుంట పూడుస్తున్నవాడు కనిపించగానే అక్క "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం" అంది. పందుల ముందు గులాబీలు చల్లేవాడిని చూసి నేను "గాడిదకేం తెలుసు గంధపు వాసన" అన్నాను. ఒక చేత్తో నిప్పు, ఇంకో చేత్తో నీళ్లు పట్టుకున్న ఆడమనిషి, చిన్న చేపని మింగిన పెద్ద చేప... ముప్పావు గంట అక్కడే గడిచింది.

ఈ బొమ్మ చూస్తే ఒకటి తెలుస్తుంది. వీళ్లు వస్తువుని చూడగానే దాని వెనక మాటని వినే అలవాటున్న మనుషులు. బొమ్మల్లో అర్థాలు దాచడం పండితుల ఆటేమీ కాదు, రోజూ మాట్లాడుకునే పద్ధతే అది.

రాత్రి హోటల్లో నా నోట్‌బుక్ తీశాను. ఇంటి దగ్గర రాసుకొచ్చిన పట్టిక ఉంది అందులో. రొట్టె, ద్రాక్ష అంటే క్రీస్తు శరీరం, రక్తం. అక్రోటు గురించి సెయింట్ అగస్టీన్ పేరు మీద చెప్పే పోలిక ఉంది: పైతొక్క క్రీస్తు శరీరం, గట్టి పెంకు సిలువ కర్ర, లోపలి పప్పు దైవత్వం. డచ్‌లో మేకుకీ లవంగానికీ ఒకటే మాట. లవంగం వాసన వచ్చే కార్నేషన్ పువ్వుకీ ఆ పేరే పెట్టారు. అందుకని ఆ పువ్వు సిలువ మేకుల్ని గుర్తుచేస్తుంది. ఈగ అంటే కుళ్లు. సీతాకోకచిలుక అంటే ఆత్మ. తొక్క ఒలిచిన నిమ్మకాయ చూడ్డానికి అందం, నోట్లో పెడితే పులుపు. పుర్రె, ఆరిన దీపం, సబ్బు బుడగ కనిపిస్తే బైబిల్లో ప్రసంగి చెప్పిన 'సమస్తము వ్యర్థమే' అన్న మాట.

ఇదంతా నిజమే. కానీ ఈ పట్టిక చేత్తో పట్టుకుని బొమ్మ ముందు నిలబడితే బొమ్మ కనిపించడం మానేస్తుందని ఈ రెండు రోజుల్లో తెలిసింది. ప్రతి అక్రోటూ సిలువ కాదు. పెద్ద బ్రూగెల్ ఇంకో కొడుకు, పూల బొమ్మలకి పేరుపడ్డ యాన్ బ్రూగెల్, ఆంట్‌వెర్ప్‌లో దొరకని పూలని చూసి వేయడానికి బ్రస్సెల్స్ వెళ్లొచ్చానని మిలాన్‌లోని కార్డినల్ బొర్రొమేయోకి ఉత్తరం రాశాడు. వేర్వేరు రుతువుల్లో పూసే పూలని ఒకే కుండీలో పెట్టడం కోసం నెలల తరబడి ఆగేవాడు. ఆ ఓపికని 'ఇది మేకులు, అది ఆత్మ' అని కొట్టిపారేయలేం. కళాచరిత్రకారుల్లోనూ ఈ వాదన ఉంది. ప్రతి వస్తువు వెనకా అర్థం ఉందని పానోఫ్‌స్కీ దారిన నడిచినవాళ్లు కొందరు, ఈ చిత్రకారులు లోకాన్ని చూసినది చూసినట్టు వర్ణించారని వాదించిన స్వెత్లానా ఆల్పర్స్ లాంటివాళ్లు కొందరు. నేను ఇద్దరి మాటా వింటాను. కానీ పట్టిక ఉన్న పేజీని నోట్‌బుక్ నుంచి చింపి సూట్‌కేసు అడుగున పెట్టేశాను.

మూడో రోజు, సోమవారం: హేగ్

రైలు ఆలస్యం. మధ్యలో మారాల్సిన రైలు మా కళ్ల ముందే వెళ్లిపోయింది. తర్వాతది వచ్చే దాకా ప్లాట్‌ఫామ్ మీద చలిలో నిలబడ్డాం. సాయంత్రానికి అక్క ఇంటికి వెళ్లిపోవాలి. మేం వెళ్తున్నది నాలుగొందల ఏళ్ల కిందటి చిత్రకారిణి క్లారా పీటర్స్ బొమ్మ కోసం. "క్లారాని చూడకుండా నేను వెళ్లను" అని తనే నాకన్నా ఎక్కువ టెన్షన్ పడింది. అదృష్టం కొద్దీ మౌరిట్స్‌హౌస్ మ్యూజియం సోమవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి గానీ తెరవరు. మేం చేరేసరికి అప్పుడే తలుపులు తీశారు.

జనమంతా వెర్మీర్ వేసిన ముత్యం పోగు అమ్మాయి బొమ్మ దగ్గరికి వెళ్తున్నారు. మేం క్లారా పీటర్స్ దగ్గరికి వెళ్లాం. 1615 ప్రాంతంలో వేసిన బొమ్మ. రెండడుగుల వెడల్పు కూడా ఉండదు. ఒకదాని మీద ఒకటి పెట్టిన చీజ్ ముద్దలు, పైన చిన్న పళ్లెంలో వెన్న చుట్టలు, చైనా పింగాణీ గిన్నెలో బాదం, ఎండు పళ్లు. ముందు ప్రెట్జెల్స్, ఒక వెండి పిడి కత్తి. వెనక మట్టికూజా, దానికి తగరపు మూత. వెనకాలంతా చీకటి.

దగ్గరికి వెళ్లాలి. ఎంత దగ్గరగా అంటే, గార్డు ఒకసారి మర్యాదగా వెనక్కి జరగమన్నాడు. కత్తి పిడి మీద సన్నటి చెక్కుడు, అందులో పేరు: క్లారా పీటర్స్. పెళ్లిలో వధువుకి ఇచ్చే రకం కత్తి అది. ఆ రోజుల్లో విందుకి వెళ్లేవాళ్లు ఎవరి కత్తి వాళ్లే తీసుకెళ్లేవారు. బొమ్మకి సంతకం పెట్టాల్సిన చోట ఆమె కత్తి మీద పేరు చెక్కి బల్ల అంచున, మన చేతికి అందేలా పెట్టింది. ఇదే కత్తి ఆమె వేసిన ఇంకొన్ని బొమ్మల్లోనూ ఉంటుంది.

"పాలతో చేసినదాని మీద పాలతో చేసినది పెడితే దయ్యం పని" అని డచ్‌లో ఒక పాత సామెత ఉంది. చీజ్ మీద వెన్న పెట్టిన ఈ బొమ్మని చూసి, ఇది తిండి దుబారా గురించి హెచ్చరిక అంటారు. అయ్యుండొచ్చు. నేను ఆ సంగతి అక్కకి చెబుతుంటే తను వినడం లేదు. మూత వైపు చూస్తోంది.

"ఇక్కడ ఎవరో ఉన్నారే."

తగరపు మూత నునుపు మీద కిటికీ వెలుగు పడుతోంది. ఆ వెలుగు పక్కన గోరంత ముఖం, తెల్ల టోపీ. అది క్లారాయే. బల్ల ముందు కూర్చుని బొమ్మ వేస్తున్న మనిషి నీడ కూజా మూత మీద పడుతుంది కదా. పడిందాన్ని పడినట్టు వేసింది. జర్మనీలో కార్ల్స్‌రూహెలో ఉన్న 1612 నాటి బొమ్మలో అయితే, బంగారు పూత పాత్ర మీది బుడిపెల్లో వరసగా తన ముఖమే, చేతిలో రంగుల పలకతో సహా ఉంటుంది.

ఆంట్‌వెర్ప్‌లో పనిచేసిన ఈవిడ జీవితం గురించి కాగితాల్లో మిగిలింది చాలా తక్కువ. ఆమెవని గుర్తించిన బొమ్మలు నలభైకి అటూ ఇటూ ఉంటాయి. ఆడవాళ్లకి నగ్న మోడల్‌ని చూసి నేర్చుకునే అవకాశం లేని కాలం. దేవుళ్లనీ వీరుల్నీ పెద్ద పెద్ద కాన్వాసుల మీద వేయాలంటే ఆ చదువు కావాలి. ఆమెకి దొరికింది బల్ల మీది తిండి. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం దాదాపు రెండొందల ఏళ్ల చరిత్రలో ఒక మహిళా చిత్రకారిణికి మొదటిసారి ప్రత్యేక ప్రదర్శన పెట్టింది 2016లో, అది ఈమెకే. ఆ నాలుగొందల ఏళ్లూ ఆమె ముఖం ఆ మూత మీదే ఉంది. దాచిన అర్థాల కోసం వెతుక్కుంటూ వచ్చిన నాకు, ఈ ప్రయాణంలో దొరికిన అన్నిటికన్నా గొప్ప అర్థం ఇదే. అది వస్తువు కాదు, ఒక మనిషి.

సాయంత్రం స్టేషన్‌లో అక్క నన్ను గట్టిగా పట్టుకుంది. "ఇంటికెళ్లి మన స్టీలు చెంబులు తోముతుంటే ఇక నా ముఖమే చూసుకుంటానేమో" అంది. రైలు కదిలే దాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

నాలుగో రోజు, మంగళవారం: లండన్ దారిలో

రైలు, సొరంగం, వర్షం. మన పాస్‌పోర్ట్‌తో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే, బెల్జియం, నెదర్లాండ్స్ తిరగనిచ్చే షెంగెన్ వీసా లండన్‌కి పనికిరాదు. దానికి వేరే వీసా ముందే తీసుకోవాలి.

దారిలో 1566 గురించి చదువుకున్నాను. ఆ ఆగస్టులో ఈ ప్రాంతమంతా, చర్చిలో విగ్రహాలు ఉండకూడదన్న ప్రొటెస్టెంట్లు చర్చిల్లోని విగ్రహాల్నీ బొమ్మల్నీ పగలగొట్టారు. ఆర్ట్‌సెన్ చర్చిల కోసం వేసిన పెద్ద పెద్ద బొమ్మలు ఎన్నో ఆ దెబ్బకి పోయాయి. ఆ దుఃఖం ఆయన్ని చివరిదాకా వదల్లేదని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన కారెల్ వాన్ మాండర్ 1604లో రాశాడు. దేవుడి బొమ్మలకి చోటు పోయింది కాబట్టి దేవుడు కూరగాయల వెనక్కి వెళ్లాడని కొందరు తేల్చేస్తారు. నాకు అది సరిపోదనిపిస్తుంది. మాంసం కొట్టు బొమ్మ 1551 నాటిది, విధ్వంసానికి పదిహేనేళ్ల ముందు. కొనుగోలుదారుల ఇల్లు, సంత, పెరుగుతున్న ఊరు ముందే చిత్రకారుల చేత ఆ ప్రశ్న వేయిస్తున్నాయి. 1566 వాళ్ల చేతిలో ఉన్న ఇంకో దారిని మూసేసింది.

ఐదో రోజు, బుధవారం: లండన్

నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు. తలుపు తియ్యగానే లోపలికి వెళ్లి, బుకెలార్ గది ఎక్కడో అడిగి, తిన్నగా అక్కడికే నడిచాను.

నాలుగు బొమ్మలు. 1569, 1570ల్లో వేసినవి. ఒక్కొక్కటి ఐదడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు. భూమి, నీరు, గాలి, అగ్ని. భూమి అంటే కూరగాయల సంత, నీరు అంటే చేపల సంత, గాలి అంటే కోళ్లూ పిట్టలూ, అగ్ని అంటే వంటిల్లు. ఇంత పెద్దగా ఉంటాయని పుస్తకంలో చూసినప్పుడు తెలియలేదు. క్యాబేజీ అసలు క్యాబేజీకన్నా పెద్దగా ఉన్నట్టనిపిస్తుంది. సంతలో ఆడవాళ్లు మన ఎత్తే ఉంటారు, మనల్నే చూస్తారు, ఏం కావాలని అడుగుతున్నట్టు.

గుంటూరులో నేను చదివింది మిషన్ స్కూల్లో. అందుకని కథలు పేర్లతో సహా గుర్తొచ్చాయి. భూమి బొమ్మలో ఎడమవైపు దూరంగా చిన్న వంతెన, దాని మీద ఐగుప్తుకి వెళ్తున్న కుటుంబం, శనివారం ప్రింటులో చూసిన అదే కుటుంబం. నీరు బొమ్మలో చేపలు పన్నెండు రకాలు, శిష్యులు పన్నెండుమంది కాబట్టి. మధ్యలో కమాను, అందులోంచి దూరంగా సముద్రం. తిరిగి లేచిన యేసు ఒడ్డున నిలబడి ఉన్నాడు. రాత్రంతా వల వేసి ఒక్క చేప పడని శిష్యులకి ఇప్పుడు వల నిండుతోంది. యోహాను సువార్తలో ఆ చేపల లెక్క కూడా ఉంది, 153. ముందు మాత్రం తరిగిన సాల్మన్ ముక్కల ఎరుపు. నేను పన్నెండు రకాలూ లెక్కపెట్టాలని మూడుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ కన్ను జారి ఆ కమానులోకే వెళ్లింది. శనివారం అక్కకి జరిగిందానికి ఇది తలకిందులు. ఐదు రోజులు చూశాక నా కన్ను వెనక్కి వెళ్లడం నేర్చుకుంది.

గాలి బొమ్మలో వెనకాల తప్పిపోయిన కుమారుడు, తండ్రి ఇచ్చిన డబ్బు ఆడవాళ్లతో తగలేస్తున్నాడు. పక్షి మాటకి ఉన్న రెండో అర్థం ఇక్కడ ముందు నుంచి వెనక దాకా సరిగ్గా నడుస్తుంది.

ఎక్కువసేపు నిలబడ్డది అగ్ని దగ్గర. వంటింట్లో ఆడవాళ్లు కోళ్లని ఇనప ఊచకి గుచ్చుతూ, పొయ్యి చూసుకుంటూ హడావుడిగా ఉన్నారు. వెనక గదిలో చిన్నగా యేసు, ఆయన మాట వింటూ మరియ (ఆయన తల్లి కాదు, ఇంకో మరియ), ఆమె అక్క మార్త. లూకా సువార్తలో కథ ఇది. అతిథి వస్తే వంట భారమంతా మార్త మీద పడింది. చెల్లెలు పని మానేసి ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటోంది. నాకు సాయం చెయ్యమని దానికి చెప్పు అని మార్త అడిగితే, మరియ ఉత్తమమైనది ఎంచుకుంది అన్నాడు యేసు. కాబట్టి బొమ్మకి అర్థం తేలికే. తిండి గొడవలో పడకు, వెనకున్న మాట విను.

కానీ నేను చిన్నప్పటి నుంచీ ఈ కథలో మార్త వైపే. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగితే హాల్లో పంతులుగారు కథ చెబుతుండేవారు. మేమంతా చేతిలో అక్షింతలు పట్టుకుని వినేవాళ్లం. అమ్మ వంటింట్లో రవ్వ ప్రసాదం కలుపుతుండేది. ఐదో అధ్యాయం అయిపోయే వేళకి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, నమస్కారం పెట్టి మళ్లీ లోపలికి వెళ్లేది. ఆ కథ అమ్మ ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా విందో లేదో.

బుకెలార్ నీతి ఏదైనా చెప్పనీ, ఏడడుగుల కాన్వాసు మీద తన రంగు అంతా, తన ఓపిక అంతా పెట్టింది మాత్రం ఆ వంటమనుషుల మీద. వాళ్ల మడిచిన చేతుల మీద, పొయ్యి వేడికి ఎర్రబడ్డ ముఖాల మీద. కథ మరియని మెచ్చుకుంటుంది. కుంచె మార్త దగ్గరే ఉండిపోయింది. ఆ రెండిటినీ ఆయన విడదీయలేదు.

అదే గ్యాలరీలో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ బొమ్మ ఒకటుంది, 1618లో స్పెయిన్‌లో వేసింది. అప్పటికి ఆయనకి పందొమ్మిదేళ్లు. ఫ్లెమిష్, అంటే ఆంట్‌వెర్ప్ ప్రాంతపు వంటింటి బొమ్మలు, అచ్చువేసిన కాగితాల రూపంలో స్పెయిన్ దాకా వెళ్లాయి. ఆ దారిలోనే పుట్టింది ఇది. కథ అదే, మార్త, మరియ. గోడలో ఒక చదరంలోంచి వెనక గదిలో చిన్నగా యేసు. ముందు బల్ల మీద నాలుగు చేపలు, రెండు గుడ్లు, వెల్లుల్లి, ముడతలు పడ్డ ఒక ఎండుమిరపకాయ.

గుంటూరు నుంచి వచ్చినదాన్ని, ఆ మిరపకాయ దగ్గర కదల్లేకపోయాను. అమెరికా నుంచి ఓడల్లో ఒకవైపు స్పెయిన్ చేరింది, ఇంకోవైపు పోర్చుగీసువాళ్లతో మన తీరానికి వచ్చింది. తగరపు మూతలో క్లారా ముఖం చూసినంత దగ్గరగా వెళ్లి చూశాను. దాని తొడిమ దగ్గర ఒక మెరుపు చుక్క, అంతే.

బల్ల వెనక ఒక అమ్మాయి ఇత్తడి రోట్లో ఏదో నూరుతోంది. వెనక నుంచి ఒక ముసలావిడ వేలు చూపించి ఏదో చెబుతోంది. అమ్మాయి అటు చూడటం లేదు, కళ్లు మనవైపు ఉన్నాయి. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి, ఏడుపు వచ్చేలా ఉంది. రోకలి పట్టుకున్న చెయ్యి కూడా ఎర్రగానే ఉంది.